ధ్రువ నక్షత్రానికి కొండ అడ్డం

మా మిద్దె మీద నుంచి ధ్రువ నక్షత్రం కనపడదు. తిరుపతిలో జీవకోన పక్క ఉంటాం మేము. ఉత్తరానికి తిరిగితే శేషాచలం కొండ గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది. తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు కాబట్టి ధ్రువుడు ఇక్కడ నేల నుంచి దాదాపు అన్ని డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు పది డిగ్రీలు. అంటే పిడికిలిన్నర ఎత్తన్నమాట. మా మిద్దె మీద నిలబడితే కొండే అంతకు మించి ఉంటుంది.

ఈ లెక్క తెలియకముందే ఆకాశం ఫోటోల సామాను కొనడానికి దిగాను. ఏ వీడియో తెరిచినా "ముందు ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోండి" అంటారు. చెప్పేవాళ్లు యాభై డిగ్రీల అక్షాంశంలో ఎక్కడో ఉంటారు, వాళ్లకు తలెత్తితే చాలు కనపడుతుంది. మనకు కొండ దేవుడు అడ్డం.

2024 అక్టోబర్‌లో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క వచ్చింది. సాయంత్రం పడమట బాగా కనపడాల్సిన రోజుల్లోనే మాకు వాయుగుండం. అది చెన్నై దగ్గర తీరం దాటే దాకా ఇక్కడ వానే వాన. ఎవరెవరో తీసిన ఫోటోలు ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాను. తోక అంత పొడవు! ఆ కడుపుమంటతోనే చీటీ పాడాను. నలభై వేల చీటీ, తొమ్మిది వేలు వదులుకుంటే 31,000 చేతికొచ్చింది. నేను రేణిగుంట రోడ్డులో బండ్ల స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ చూస్తాను. అంతకు మించి పెట్టే తాహతు లేదు, ఉన్నా ఇంట్లో ఒప్పుకోరు.

మొదటి తప్పు వారంలోనే చేశాను. టెలిస్కోపు కొన్నాను, 70 మిల్లీమీటర్ల అద్దం, 6,800 రూపాయలు. డబ్బా మీద "525 రెట్లు" అని ఎర్ర అక్షరాల్లో ఉంది. నాకు ఆ అంకె నచ్చింది. మిల్లీమీటరుకు రెండు రెట్లు అనేది మోటు లెక్క. ఆ చొప్పున 70 మి.మీ. అద్దం 140 రెట్ల దాకా లాగుతుంది. దాటితే బొమ్మ ఉబ్బుతుందే గానీ కొత్తగా ఏమీ కనపడదు. ఇది కొన్నాక తెలిసింది.

శని ఉంగరం చూపిస్తానని పక్కింటి పిల్లలను పిలిచి పరువు పోగొట్టుకున్నాను. ఆ సమయానికి శని ఉంగరాలు మనకు దాదాపు అంచు మీద ఉన్నాయి. 2025 మార్చికి పూర్తిగా అంచు మీదికి వచ్చేశాయి కూడా. బఠాణీకి సూది గుచ్చినట్టుంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని కిందికి దిగిపోయారు. చంద్రుడు మాత్రం అదిరిపోయాడు. ఫోన్ కంటి అద్దానికి ఆనించి తీసిన ఆ ఫోటోనే చాలా రోజులు నా వాట్సాప్ బొమ్మ.

కానీ నాకు కావలసింది నెబ్యులాలు, అంటే నక్షత్రాల మధ్య ఉండే వాయువు, ధూళి మబ్బులు, ఇంకా పాలపుంత. వాటి వెలుగు సన్నం, కెమెరా కన్ను చాలాసేపు తెరిచి పెట్టాలి. అంతసేపు ఆకాశం ఆగదు. నక్షత్రం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను, వింటే ఏమీ లేనట్టే ఉంటుంది. 700 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న, అంటే బాగా దగ్గరికి లాగే గొట్టంలో అదే చూపులోంచి పరిగెత్తిపోతుంది. పైగా ఆ టెలిస్కోపు కాళ్లు ఎలాంటివంటే, కింద వీధిలో ఆటో పోతే పైన గురుగ్రహం డాన్సు చేసేది.

అప్పుడు డ్రైవరన్న ఒకాయన పుణ్యమా అని కావలూరు చూశాను. షాపుకు వచ్చే ట్రావెల్స్ ఆయన, వాణియంబాడికి బాడుగ ఉందంటే పక్క సీట్లో ఎక్కేశాను. అక్కడి నుంచి బస్సులో జవ్వాది కొండలెక్కితే కావలూరు, అక్కడే వైను బప్పు అబ్జర్వేటరీ. ఖగోళ శాస్త్రవేత్త బప్పు చెన్నైలో పుట్టినా మన హైదరాబాద్‌లో పెరిగినవాడు, తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పని చేశారు. ఆయన పేరుతో ఉన్న పెద్ద టెలిస్కోపు అద్దం 2.34 మీటర్లు. అందరూ ఆ గుమ్మటాన్ని, అద్దాన్ని చూసి నోళ్లు తెరిచారు. నేను స్పేర్ పార్టులవాణ్ణి కదా, నా కళ్లు ఇరుసు మీద పడ్డాయి.

గుర్రపు నాడా ఆకారంలో పెద్ద చట్రం, దానికి ఒక ఇరుసు. ఆ ఇరుసు నిటారుగా లేదు, ఏటవాలుగా కూడా లేదు, దాదాపు పడుకుని ఉంది. కావలూరు అక్షాంశం పన్నెండున్నర డిగ్రీలు, ఇరుసు కూడా నేలకు అంతే పైకి లేచి ఉంది. భూమి ఏ ఇరుసు మీద తిరుగుతుందో దానికి సమాంతరంగా ఈ ఇరుసు, అంటే గురి ధ్రువుడి వైపే. దాని మీద భూమికి ఎదురు తిరుగుతూ ఉంటే నక్షత్రం కదలనట్టే. మిగతా అంతా, అద్దాలు, గుమ్మటం, దానికి తోడుగా వచ్చిన సామానే అనిపించింది. వచ్చేటప్పుడు బస్సులో టిక్కెట్టు వెనక ఒక గీత గీసుకున్నాను: నేల, దాని మీద 13.6 డిగ్రీలు లేచిన కర్ర.

ఆ గీత తర్వాత కొనాల్సిన వరస మారిపోయింది. ముందు తిరిగే ఇరుసు, తర్వాత లెన్సు, ఆ తర్వాత కెమెరా, టెలిస్కోపు ఎప్పుడో. ఆకాశాన్ని వెంబడించే చిన్న మోటారు ట్రాకర్లు బజార్లో ఉన్నాయి, కానీ మంచివాటి ధర చూస్తే నా చీటీ మొత్తం పోసినా చాలదు. కాబట్టి ఇరుసు చేసుకోవాల్సిందే, మిగిలినవి పాతవి కొనుక్కోవాల్సిందే.

కెమెరా చిత్తూరులో దొరికింది. పెళ్లి ఫోటోలు తీసే ఆయన కొత్తరకం కెమెరాకు మారిపోయి పాత కెనాన్ 700డి అమ్ముతున్నాడు.

"దేనికన్నా, పెళ్లిళ్లకా?"

"లేదన్నా, స్టార్స్‌ను తీయాల."

"ఏ సినిమా?"

అర్థమయ్యేలా చెప్పాక ఆయనే ఉత్సాహపడి, షాపు లైట్లు ఆర్పి పరీక్షలకు సాయం చేశాడు. కెమెరా మూతి మూసి, ఐఎస్‌ఓ, అంటే వెలుగును పట్టే చురుకు, 1600 పెట్టి, 30 సెకన్లు తీశాం. నల్లగా రావాల్సిన ఫోటోలో ఎర్రవి, నీలివి పది పన్నెండు చుక్కలు. అవి వేడికి మొండికేసిన పిక్సెళ్లు, ఆ మాత్రం ఏ కెమెరాలోనైనా ఉంటాయి. గీతలు, మూలల్లో ఊదారంగు వెలుగు ఉంటే వద్దనుకునేవాణ్ణి. ఇంకో కారణానికి కూడా ఈ కెమెరా నచ్చింది. వెనక తెర బయటికి తిరుగుతుంది. నడినెత్తిన ఉన్న నక్షత్రాన్ని తీయాలంటే కెమెరా వెనక తెర నేలకేసి ఉంటుంది, తెర తిరగకపోతే మనం మట్టిలో పడుకోవాలి.

50 మి.మీ. లెన్సు కూడా ఆయన దగ్గరే. ఎఫ్ 1.8 (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది), పాత రకం, బిగించే మూతి కూడా ప్లాస్టిక్కే. ఫోన్ టార్చి వెనక నుంచి కొట్టి చూస్తే అంచున సాలెదారంలా ఒక పోగు. ఫంగస్. మన ఊళ్ల చెమ్మకు బీరువాలో పడున్న లెన్సుకు ఇది మామూలే. మధ్యలో ఉంటే వదిలేసేవాణ్ణి, అంచున కాబట్టి ధర తగ్గించమన్నాను. లెన్సుకు 3,200, కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్సుతో కలిపి కెమెరాకు 15,500, పాత వీడియో ట్రైపాడ్‌కు 1,500. కిట్ లెన్సు జూమ్ చివర ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఈ ప్లాస్టిక్ లెన్సు పూర్తిగా తెరిస్తే దానికి పదింతలు వెలుగు తాగుతుంది. అయితే అలా తెరిస్తే మూలల్లో నక్షత్రాలకు రెక్కలు మొలుస్తాయి, అందుకే నేను 2.8కి మూస్తాను. అప్పటికీ నాలుగింతలు. లోపల వెలుగు దారిని మూసే రేకులు ఐదే కావడంతో పెద్ద నక్షత్రాలకు పదేసి ముళ్లు వస్తాయి. కొందరికి అది లోపం, నాకు బాగుంటుంది.

ఇక ఇరుసు. రెండు ప్లైవుడ్ చెక్కలకు ఒక అంచున పొడుగు బందు వేసి పుస్తకంలా మూసి తెరుచుకునేలా చేయాలి. బందును ధ్రువుడికి గురిపెట్టాలి. పై చెక్క మీద కెమెరా, కింది చెక్కలోంచి ఒక మరరాడ్డు తిప్పుతూ పై చెక్కను నెమ్మదిగా లేపుతుండాలి. 1975లో స్కాట్లండ్‌లో హేగ్ అనే ఆయన చెప్పిన ఉపాయమిది. ఇందులో నాకు మహా ఇష్టమైనది లెక్క. ఎం6, అంటే ఆరు మి.మీ. లావు రాడ్డు మరపిచ్ ఒక మిల్లీమీటరు, ఒక చుట్టు తిప్పితే ఒక మి.మీ. ఎక్కుతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు, అంటే 1,436 నిమిషాలు. నిమిషానికి ఒక చుట్టు తిప్పుతామనుకుంటే, 1,436 మి.మీ. చుట్టుకొలత ఉన్న వృత్తానికి వ్యాసార్ధం ఎంత? 228.5 మి.మీ. బందు నుంచి రాడ్డు అంత దూరంలో ఉంటే చాలు, సెకన్ల ముల్లుతో పాటు రాడ్డు తిప్పుతూ పోవచ్చు. రోజూ ఎం6 నట్లు తూకం వేసి అమ్మేవాణ్ణి, వాటికి ఆకాశంతో ఇంత చుట్టరికం ఉందని ఎప్పుడూ అనుకోలేదు.

ఆచారన్న దగ్గరికి చెక్కలు తీసుకెళ్లాను.

"రెండొందల ఇరవై ఎనిమిదిన్నర ఏంది సామీ? నా పెన్సిలు గీతే ఒక మిల్లీమీటరు ఉండాది. ఇరవై మూడు సెంటీమీటర్లకు కొట్టేస్తా, పో."

బతిమాలాను. ఆయన 230కే రంధ్రం వేశాడు. మొహం మాడ్చుకుని ఇంటికొచ్చి రాత్రంతా లెక్క వేశాను. ఒకటిన్నర మి.మీ. తేడా అంటే రెండు నిమిషాల్లో ఆకాశం నడిచే 1,800 ఆర్క్ సెకన్లలో పన్నెండు తప్పుతాయి. నా కెమెరాకు ఈ లెన్సు తగిలిస్తే ఒక్కో పిక్సెల్‌లో పట్టేది దాదాపు పద్ధెనిమిది. ఒక పిక్సెల్ కూడా కాదు! పొద్దున్నే పోయి ఆచారన్నకు టీ తాగించాను. ఎందుకో ఆయనకు చెప్పలేదు.

చెక్క, బందు, రాడ్డు, కూలి కలిపి 640. కెమెరాను ఎటైనా తిప్పి బిగించే చిన్న బాల్ హెడ్ 700, బటన్ నొక్కి తోస్తే లాక్ అయ్యే వైరు రిమోట్ 350, అదనపు బ్యాటరీ 1,100. టెలిస్కోపుతో కలిపి చూస్తే చీటీలో 1,210 మిగిలింది.

తిరుపతి వెలుగులో ఏమీ రాదు, చీకటి కావాలి. మా అత్తగారి ఊరు దామలచెరువు దగ్గర, చుట్టూ మామిడి తోటలు, ఉత్తరం పక్క కొండలు లేని కళ్లం ఒకటుంది. చంద్రుడు లేని రాత్రి కావాలి కాబట్టి గోడ క్యాలెండర్ చూసి 2025 జనవరి 29 పెట్టుకున్నాను. అమ్మకు తిథి చెప్పకుండా ఉండాల్సింది.

"అమావాస్య రాత్రి తోటలోకి పోతావా? బుద్ధుండాదా నీకు?"

మా మామది ఇంకో భయం. "ఏనుగులు దిగినాయంట అల్లుడా, పెద్ద టార్చి ఎలిగించుకోనే ఉండు." టార్చి వెలిగిస్తే కళ్లు చీకటికి అలవాటు పడవు, ఫోటో పాడవుతుంది. చివరికి టార్చికి ఎర్ర కాగితం చుట్టి రాజీ పడ్డాం. మామ దాన్ని చూసి "ఇది ఏనుగులకు కనపడదు, నీకూ కనపడదు" అన్నాడు. నిజమే.

ఆ రాత్రి ఒక్క మంచి ఫోటో రాలేదు. బందు పక్కన అంటించిన జ్యూస్ స్ట్రాలోంచి ధ్రువుణ్ణి చూశాను. అంత మసక నక్షత్రం కోసమా ఇంత తపస్సు అనిపించింది గానీ, పట్టుకున్నాను. తర్వాత తిప్పడం మొదలు. నిమిషానికి ఒక చుట్టు కదా అని పదిహేను సెకన్లకొకసారి పావు చుట్టు తిప్పాను. ఆ పదిహేను సెకన్లలో నక్షత్రం పన్నెండు పిక్సెళ్లు జారిపోయి, నేను తిప్పగానే అటే ఇంకా దూకుతుంది. సరే, మెల్లగా ఆపకుండా తిప్పాను. గీతలు ఇంకా పొడవయ్యాయి. మామూలుగా చెక్క లేకుండా తీసినదానికి సరిగ్గా రెండింతలు! అర్ధరాత్రి దాటాక గాని వెలగలేదు: బందు కుడిచేతి పక్క పెట్టాను. ఉత్తరానికి మొహం పెట్టి నిలబడితే బందు ఎడమ పక్క, అంటే పడమట ఉండాలి, తూర్పు అంచు లేవాలి. నేను ఆకాశానికి ఎదురు తిప్పుతున్నాను. చెక్క మార్చి పెట్టేలోపు లెన్సు మీద మంచు కురిసి అద్దం తెల్లబడింది. మామిడి పూత వాసన మాత్రం బాగుంది.

రెండోసారి ఫిబ్రవరి 26, శివరాత్రి. చతుర్దశి, చంద్రుడు తెల్లవారే ముందు గాని రాడు. పైగా ఊరంతా జాగారం, ఎవరూ నన్ను పడుకోమనరు. మా అమ్మ కూడా "శివుడి పేరు తలుచుకోని పో" అనేసింది. ఊళ్లో గుడి మీద సీరియల్ సెట్లు, మైకులో భజన, కానీ కళ్లం దాకా వెలుగు రాలేదు.

ఈసారి రాడ్డు కింద పెరుగు డబ్బా మూత బిగించి, దాని అంచున అరవై గీతలు గీసి తెచ్చాను. పక్కనే ఫోన్‌లో ముల్లు గడియారం, తెర మీద ఎర్ర కాగితం. ముల్లు ఒక గీత జరిగితే మూత ఒక గీత. లెన్సు చుట్టూ అట్టముక్కతో గొట్టం చేసి మంచు పడకుండా కట్టాను. ఫోకస్ కోసం మృగవ్యాధ నక్షత్రాన్ని, అదే సిరియస్‌ను, తెర మీద పదింతలు పెద్దది చేసి, అది అన్నిటికంటే చిన్న చుక్కగా కనిపించేదాకా రింగు వెంట్రుకవాసి కదిలిస్తూ పోయాను. కుదిరింది అనుకోగానే సెల్లోటేపు వేసేశాను. ఆటో ఫోకస్ ఇక్కడ గుడ్డిది.

ఎనిమిది గంటలకు ఓరియన్ నక్షత్రమండలం దాదాపు నడినెత్తిన. దక్షిణాన కింద అగస్త్య నక్షత్రం. మామ దాన్ని గుర్తుపట్టాడు. తొండవాడలో అగస్త్యేశ్వరుడి గుడి ఉన్న స్వర్ణముఖి ఒడ్డున చిన్నప్పుడు ముక్కోటికి పోయేవాళ్లమని చెబుతూ కూర్చున్నాడు. నేను మూత తిప్పుతూ ఊఁ కొడుతున్నాను. 30 సెకన్ల చొప్పున అరవై ఫోటోలు. ఇరవై దాటాక మణికట్టు పట్టేసింది, మామ మూత అందుకున్నాడు. నా కంటే ఆయన చెయ్యే నిలకడ. తర్వాత చూస్తే గుండ్రటి నక్షత్రాలన్నీ ఆయన తిప్పినవే. పల్లెల్లో రాట్నం తిప్పిన చేతులు మరి అనబోయాను, ఆయన జీవితంలో రాట్నం ముట్టలేదట, మోటారు వాల్వులు తిప్పాడట.

మూడు గంటలకు దక్షిణాన ఒమెగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు. మనం గర్వపడాల్సిన సంగతి ఇక్కడుంది. ధ్రువుడు కిందికి దిగిన మేరకు దక్షిణాకాశం మనకు పైకి లేస్తుంది. ఒమెగా సెంటారీ ఇక్కడ 29 డిగ్రీల ఎత్తుకొస్తుంది. ధ్రువ నక్షత్రం తలెత్తితే కనపడే ఆ వీడియోలవాళ్లకు ఇది కనపడనే కనపడదు. చిత్తూరు వెలుగు దిగంతంలో మసకగా ఉన్నా దానికి పైనే ఉంది. ఒక్క ఫోటోలోనే పొడి చల్లినట్టు గుండ్రంగా, మెత్తగా కనిపించింది.

మొండి పిక్సెళ్లను తీసేయడానికి మూతి మూసి ఇరవై చీకటి ఫోటోలు కూడా తీసి, అన్నిటినీ సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాను. అరవై పేరిస్తే ఫోటోలో ఇసుక చల్లినట్టుండే గరుకు ఎనిమిదో వంతుకు దగ్గరగా తగ్గుతుంది. షాపు కంప్యూటర్‌కు దానికి మూడు గంటలు పట్టింది, మధ్యలో ఓనరు బిల్లు కొట్టమంటే హ్యాంగ్ అయిందని చెప్పాను. వచ్చిన ఫోటోలో ఓరియన్ మొత్తం పట్టింది. నడుము బెల్టులా ఉండే మూడు నక్షత్రాల కింద నెబ్యులా ఊదారంగు పువ్వులా, చిన్నదే. దాని చుట్టూ ఉండాల్సిన ఎర్రటి వల రాలేదు, మామూలు కెమెరాల్లో ఉండే ఫిల్టరు హైడ్రోజన్ ఎరుపును చాలావరకు మింగేస్తుంది. ఆ ఫిల్టరు తీయించే ఆలోచన ప్రస్తుతానికి లేదు.

టెలిస్కోపు 4,000కు అమ్మేశాను. కొన్నాయనకు చంద్రుణ్ణి చూపించి, 525 సంగతి కూడా చెప్పే ఇచ్చాను.

ఇక ఇంటి మిద్దె. ప్రతిసారీ దామలచెరువు పోలేను కదా. మళ్లీ లెక్క వేశాను. బందు గురి రెండు డిగ్రీలు తప్పినా, 30 సెకన్లలో నక్షత్రం జారేది పదహారు ఆర్క్ సెకన్ల లోపే. అది కూడా ఒక పిక్సెల్ కాదు! 50 మి.మీ. లెన్సుతో అయితే ధ్రువుణ్ణి కళ్లతో చూడాల్సిన పనే లేదు, ఉత్తరం ఎటో, 13.6 డిగ్రీలు ఎంతో తెలిస్తే చాలు. డిగ్రీలు ఫోన్ చెబుతుంది. ఉత్తరానికి ఫోన్ దిక్సూచిని నమ్మలేదు, మిద్దె నిండా ఇనుప చువ్వలే. మార్చిలో ఒక ఆదివారం దారానికి ఎం12 నట్టు కట్టి వేలాడదీసి, మధ్యాహ్నం 12 గంటల 21 నిమిషాలకు దాని నీడ వెంట సుద్దతో గీత గీసి, పైన తెల్ల పెయింటు వేశాను. మన ఊరికి సూర్యుడు నడిమికి వచ్చేది ఆ రోజుల్లో పన్నెండుకు కాదు, అప్పుడు.

సాయంత్రం వడియాలు తీయడానికి పైకొచ్చిన అమ్మ ఆ గీతను చాలాసేపు చూసింది. మర్నాడు పొద్దున నేను పోయేసరికి దానికి అటూ ఇటూ చుక్కలు పెట్టి ముగ్గు చేసేసింది. గీతను మాత్రం కదపలేదు.